పెద్ద ఉత్తరాలు పోని లైను

మా ఇంట్లో కొత్త రౌటర్ పెట్టినప్పటి నుంచీ అమ్మ రాసే చిన్న మెయిళ్లు వెళ్తున్నాయి, పెద్దవి వెళ్లడం లేదు. రెండు ముక్కలు రాస్తే టక్కున పోతుంది. నాలుగు పేరాలు రాస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

"దీనికీ నా మీద కోపమే," అంది అమ్మ.

అసలు గొడవ పెద్దమ్మతో. అమ్మమ్మ కుట్టుమిషన్‌ని పెద్దమ్మ మాటమాత్రమైనా చెప్పకుండా ఎవరికో ఇచ్చేసింది. అప్పటి నుంచీ అక్కచెల్లెళ్ల మధ్య ఫోన్లు లేవు. ఇప్పుడు తన కంటి ఆపరేషన్ దగ్గరపడేసరికి, పక్కన అక్క ఉండాలని అమ్మకి ఉంది. ఫోన్ చేసి అడగడానికి నామోషీ. మెయిల్లో చూస్తే "క్షేమం" అన్న ముక్క తప్ప ఏదీ గడప దాటడం లేదు. అటునుంచి "సరే" అని జవాబు.

నాకు ఏదైనా అర్థం కాకపోతే అన్నం సహించదు. నెట్ కంపెనీవాడికి ఫోన్ చేస్తే "ఆపి మళ్లీ ఆన్ చేయండి" అన్నాడు. అది నాకూ తెలుసు నాయనా అనుకుని, రకరకాల సైజుల్లో ఉత్తుత్తి డేటా మూటలు నేనే పంపి చూశాను. 1400 బైట్లది వెళ్లింది. 1472ది వెళ్లలేదు. 1464 వెళ్లింది. 1465 దగ్గర మొండికేసింది. ఒక్క బైటుకి ఇంత పట్టుదలా అని ముచ్చటేసింది.

"ఏం దొరికిందే?" అంది అమ్మ.

"మూట ఎంత లావైతే గుమ్మంలో ఇరుక్కుంటుందో దొరికింది."

1464కి చిరునామా కోసం ఇంకో 28 కలిపితే 1492. రౌటర్‌లో మాత్రం మూట 1500 దాకా ఉండొచ్చని ఉంది. మిగతా ఎనిమిదీ ఈ లైను తన చీటీకి ఉంచుకుంటుందట. మూట ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే ఎంటీయూ అనే గడిలో 1492 కొట్టి సేవ్ చేశాను.

అమ్మ కంప్యూటర్ టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆగిపోయిన మెయిళ్లన్నీ వరసగా వెళ్లిపోతున్నాయి. అమ్మ కుర్చీలోంచి లేచింది.

"అయ్యో, ఆపవే. మొదటిది మిషన్ గొడవప్పుడు రాశాను. అందులో అక్కని కడిగిపారేశాను."

ఆపబోయేలోపే తిట్లూ, క్షమాపణా, ఆపరేషన్ కబురూ అన్నీ పోయాయి. నా తెలివికి నాకే ఒళ్లు మండింది. సాయంత్రం దాకా అమ్మ ఫోన్ పక్కనే కూర్చుంది. కాఫీ కూడా ముట్టలేదు.

చివరికి ఫోన్ మోగింది. అమ్మ దాన్ని నా వైపు తోస్తే నేనే స్పీకర్ పెట్టాను.

"ఎంతలా తిట్టావే," అంది పెద్దమ్మ బొంగురు గొంతుతో. "ఆ 'క్షేమం' చూసినప్పుడల్లా నీకు పరాయిదాన్ని అయిపోయాననుకున్నాను. ఇవాళ నీ తిట్లు చదివాక ప్రాణం లేచొచ్చింది. ఆపరేషన్‌కి ముందురోజే దిగుతాను. ఇంకా తిట్టేది ఏమైనా మిగిలుంటే దాచిపెట్టు."