గడియారం సాక్ష్యం

పొద్దున ఆరింటి నుంచి వంచిన నడుము ఎత్తకుండా కాటన్‌పేట వీధులు ఊడ్చి వచ్చిన సొన్నమ్మకు సూపర్‌వైజర్ ప్రసాద్ ఫోను తిప్పి చూపించాడు. ఆమె పేరు పక్కన ఎర్రగీత. సోమవారం సగం రోజు కూలి, మూడు వందలు, కోత.

"నలభై నిమిషాలు ఒకే చోట కదలకుండా ఉండావంట. వాచీ చెప్తాంది."

ఊడ్చేవాళ్లందరి మణికట్లకూ కాంట్రాక్టు కంపెనీ ఆ నల్ల వాచీలు కట్టి ఆరు నెలలైంది. ఎవరు ఎక్కడున్నారో, ఎన్ని అడుగులు వేశారో అవే ఆఫీసుకు చేరవేస్తాయి. నగరం స్మార్ట్ అవుతోంది, మీకూ భద్రత అన్నారు. సొన్నమ్మ నమ్మింది. మొదట్లో దాన్ని రోజూ గుడ్డతో తుడిచి మరీ పెట్టుకునేది.

సోమవారం తనతోపాటు ఊడ్చే రామక్క జ్వరమొచ్చి చీపురుతో సహా రోడ్డు మీద కూలబడిపోయింది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఆటో దొరికేదాకా బట్టల కొట్టు అరుగు మీద కొంగుతో విసురుతూ కూర్చుంది సొన్నమ్మ.

"ఆ పొద్దు నీళ్ల బాటిలు తెచ్చిచ్చింది నువ్వే గదప్పా!" అంది ప్రసాద్‌తో.

"నేనే. కాదన్నానా? నేను చూసింది సిస్టంలోకి ఎక్కదమ్మా."

అంతలో కంపెనీ నుంచి వచ్చిన లావణ్య ట్యాబ్ పట్టుకుని అందరినీ వరసలో నిలబడమంది. ఇకమీదట గంటకోసారి ముఖం కూడా చూపించాలట.

"ట్రస్ట్ చేయండమ్మా. మీ సేఫ్టీకే ఇది. ఒక్క ఫొటో, అంతే."

"రేపు నేనే పడిపోతే ఇది ఎవురినన్నా పిలుస్తాదా పాపా?"

లావణ్య తడబడింది. "ఆ ఫీచర్ ఇంకా రాలేదు ఆంటీ. ఐడిల్, అంటే పని చెయ్యట్లేదనే చూపిస్తుంది. తర్వాత కంప్లైంట్ ఇవ్వొచ్చు."

"సాక్ష్యం ఎవురు చెప్తారు?"

"డేటా ఉంటుంది కదా."

సొన్నమ్మ ప్రసాద్ వైపు చూసింది. పన్నెండేళ్లుగా ఒకే బంకు దగ్గర టీ తాగిన మనిషి. అతను ఫోనులోంచి తలెత్తలేదు.

ఆమె వాచీ విప్పి ట్యాబ్ మీద పెట్టింది.

"పక్కనుండే మనిషే కండ్లారా చూసింది చెప్పడు. ఈ డబ్బాను నమ్మి నా ముఖం ఇయ్యాల్నా? ఇయ్యను."

"ఇయ్యకుంటే రేపట్నించి పని లేదు!" ప్రసాద్ అరిచాడు.

"ఊడ్చేది నా చేతులప్పా, ముఖం గాదు."

ఆమె వరసలోంచి పక్కకు జరిగింది గానీ వెళ్లిపోలేదు. చీపురు పట్టుకుని అక్కడే నిలబడింది.

తర్వాత వంతు రామక్కది. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. సొన్నమ్మ ముఖం చూడకుండానే ముందుకొచ్చి, ట్యాబ్‌కేసి తలెత్తి, కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరవండక్కా," అంది లావణ్య.

ట్యాబ్ కూడా తియ్యటి ఆడగొంతుతో అదే మాట ఆ ఊరి భాష కన్నడంలో అంది. కాసేపాగి మళ్లీ అంది. వరస మొత్తం చూస్తోంది.

రామక్క తల ఇంకాస్త పైకెత్తింది. కళ్లు మాత్రం తెరవలేదు.