మరుగుజ్జు దానిమ్మ

టైలరమ్మ కుట్టుమిషన్ ఆపి తొంగిచూసింది. వరండాలో భర్త మళ్లీ చెంబు పట్టుకుని దానిమ్మ ముందు నిలబడ్డాడు.

"ఇందాకే పోశారు కదండీ!"

"నేనా? ఎప్పుడు? మట్టి ఎండిపోయి ఛస్తుంటే!"

మట్టి ఎండలేదు. పళ్లెంలాంటి ఆ లోతులేని కుండీలో నీళ్లు అంచుదాకా నిలిచి ఉన్నాయి.

జానెడు చెట్టు అది. పెళ్లయిన కొత్తలో ఆయన కట్టిన అంటు. కొమ్మలకు రాగితీగ చుట్టి, వంచి, ఏటేటా వేళ్లు కత్తిరించి, ఉసిరికాయంత కాయలు కాయించాడు. బస్సు డిపోలో ఇంజన్లతో కుస్తీ పట్టిన చేతులు ఆ చెట్టు దగ్గరికొచ్చేసరికి బాలింత చేతుల్లా మెత్తబడేవి. ఇప్పుడాయనకు తిన్న సంగతి గుర్తుండదు, తానుండే వీధి గుర్తుండదు. చెట్టు మాత్రం గుర్తుంది. నీళ్లు పోయాలనీ గుర్తుంది. పోసిన సంగతే గుర్తుండదు.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. చెంబు దాచింది. ఆయన గ్లాసుతో పోశాడు. గ్లాసులూ దాచింది. మాత్ర మింగమని ఇచ్చిన నీళ్లు పట్టుకెళ్లి పోశాడు. ఆకులు పసుపుబారి రాలడం మొదలైంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆమె చెట్టును పెళ్లగించింది. కుళ్లు వాసన గుప్పుమంది. బట్టకు తప్ప దేనికీ తాకనివ్వని కత్తెరతోనే, జిగురుగా జారిపోతున్న నల్లటి వేళ్లన్నీ కత్తిరించింది. మొదలు దగ్గర కాసిని తెల్లవేళ్లు మిగిలాయి. గులకరాళ్లు కలిపిన పొడిమట్టిలో నాటి, తమ్ముణ్ని పిలిచింది.

"మీ డాబా మీద పెట్టుకోరా. మీ బావ కంటబడితే ఇది బతకదు."

"బావ అడిగితే?"

"మర్చిపోతార్లే." అనేశాక నాలుక కరుచుకుంది.

ఆయన మర్చిపోలేదు. మంచం కింద వెతికాడు. పిండిడబ్బాలో వెతికాడు. వీధిలోకెళ్లి పోయేవాళ్లను ఆపి, "చిన్నదండీ, ఇంతే ఉంటుంది, కనిపించిందా?" అని జానెడు ఎత్తు చూపించాడు. రోజులు గడిచినా ముద్ద సరిగా ముట్టలేదు.

"నువ్వే పారేశావు. పొట్టన పెట్టుకున్నావు దాన్ని," అని గోడకు చేరబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన కంటనీరు ఆమె చూడటం అదే మొదలు.

అంతలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, చిగురేసింది! ఇంకొన్నాళ్లు ఓపికపడితే గట్టెక్కుతుంది."

"తీసుకొచ్చెయ్యి."

"నీకేమన్నా పిచ్చా? ఇప్పుడు తెస్తే బావ వారం తిరక్కుండా ముంచేస్తాడు."

"తెలుసురా. అది గట్టెక్కేలోపు మనిషి దక్కేలా లేడు. తీసుకురా."

తెచ్చాడు. ఆయన కుండీని ఒళ్లో పెట్టుకుని చిగుళ్లను మునివేలితో తడిమాడు. మట్టిలో వేలు పెట్టి చూసి, "పొడిపొడిగా ఉంది. ఎవరికీ పట్టదు," అని కసిరాడు. నీళ్లు ఆమే తెచ్చి చేతికిచ్చింది. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు.

ఆయన కునుకు తీసినప్పుడల్లా ఆమె కుండీ వంచి నీళ్లు ఒంపేది. లేవగానే ఆయన మళ్లీ నింపేవాడు. చిగుళ్లు వడిలి నల్లబడ్డాయి. ఉన్న ఒక్క ఆకూ రాలింది.

"ఆకు రాలే కాలమే ఇది. కంగారుపడకు," అని ఆయనే ఆమెకు ధైర్యం చెప్పాడు.

ఆయన అటు తిరిగినప్పుడు ఆమె బెరడును గోటితో గీకి చూసింది. లోపల పచ్చదనం లేదు. గీరిన చోట తడిమట్టి పులిమి, కుండీని ఆయన చేతికందేలా ముందుకు జరిపింది.