కుర్మయ్య సాపు చేసిన పగడం

వంకర అంచుతో ఒక్క రాయి కూడా కుర్మయ్య చేతి నుంచి బయటికి పోలేదు. మొయినాబాద్ చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఫామ్‌హౌస్‌లు పుట్టగొడుగుల్లా లేచిన ఆ నాలుగైదేళ్ళలో ఎన్ని వేల షాబాద్ బండలు కోశాడో ఆయనకే తెలియదు. చివరికి ఆ పనితనమే కొంప ముంచింది.

చిన్న మంగళారంలో ఇల్లు కట్టుకుంటున్న సాంబశివరావు కూతురు సీత, ఒక గురువారం పొద్దున బండల మిషన్ దగ్గరికి ఒక తెల్లటి రాయి తెచ్చింది. రోకలిలా గుండ్రంగా, ఒంటినిండా సన్నని రంధ్రాలతో, రెండు ముక్కలై ఉంది. లక్షద్వీప్ సముద్రంలో పెరిగిన పగడమట. సీత సముద్రాల మీద పరిశోధన చేస్తోంది. వాళ్ళ ల్యాబులో కోత మిషన్ చెడిపోయింది.

"ఈ పెన్సిల్ గీత వెంబడి నిలువునా పలకలు కోయాలి కుర్మయ్య గారూ. నా దగ్గర ఉంది ఇదొక్కటే," అని చెప్పి వెళ్ళింది.

వెంట్రుక వాసి తేడా రాకుండా కోశాడు. అయితే కోతకు పెట్టబోయే ముందు, విరిగిన చోట రెండు అంచులూ ఎగుడుదిగుడుగా కనిపించేసరికి చెయ్యి ఊరుకోలేదు. చెరో వేలెడు మందం తీసేసి సాపు చేశాడు.

సాయంత్రం సీత పలకలు చూసి మురిసింది. రెండు ముక్కల పలకలూ కలిపి పెట్టింది. అతికినట్టు కూర్చున్నాయి. ఆమె మొహం పాలిపోయింది.

"మధ్యలోది ఏదండీ?"

"వంకర ఉన్నదని తీసేసిన మేడమ్. ఇప్పుడు మంచిగ కూసున్నది చూడుండ్రి."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. పగడం ఏడాదికొక పొర, గోరంత మందాన పెరుగుతుంది. ఏ ఏడు సముద్రం ఎంత వేడెక్కిందో ఆ ఏటి పొరలో నిలిచిపోతుంది. పైనుంచి జానెడున్నర కిందికి లెక్కపెడితే పంతొమ్మిది వందల డెబ్భై రెండు.

"ఆ సంవత్సరం కోసమేనండీ ఇదంతా. సరిగ్గా అదే పోయింది."

డెబ్భై రెండు కరువు కుర్మయ్యకు తెలుసు. బావులెండిన ఆ ఏడాదే నాలుగేళ్ళ చెల్లెలు చిక్కి చిక్కి చనిపోయింది. ఆ పిల్లకు ఫోటో లేదు, కాగితం లేదు.

"మా కరువు సముద్రానికెట్ల ఎరుక బిడ్డా?"

"అక్కడ నీళ్ళు వేడెక్కిన ఏడు, చాలాసార్లు ఇక్కడ వాన తప్పుతుంది."

తీసేసిన ముక్కల కోసం వెతికితే చెత్తలో లేవు. మధ్యాహ్నం సద్ది తెచ్చిన భార్య ఎంకమ్మ, ముగ్గుకు పనికొస్తాయని వాటిని కొంగున మూటగట్టుకుపోయింది. పట్టుకుపొమ్మన్నదీ కుర్మయ్యే. పలకలు ఒళ్ళో పెట్టుకుని సీత స్కూటీ ఎక్కాడు. తన ఊరు ఆలూరులో నలుగురూ వింతగా చూసినా ఆయనకు పట్టలేదు.

మర్నాడు శుక్రవారమని ఎంకమ్మ అప్పటికే వాకిలి అలికి ముగ్గు పెట్టేసింది. ముగ్గు తెల్లగా మెరుస్తోంది. సీత దాన్ని తొక్కకుండా ఆగిపోయింది.

"ఒకటి దంచిన. ఇంకోటి రేపు దంచుదమని పెట్టిన. ఏమైంది?" అంది ఎంకమ్మ.

ఏది మిగిలింది? కుర్మయ్య ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కోసిన మొహాన్ని కింది ముక్క పలకకు ఆనించాడు. రంధ్రాలు కలవలేదు. పై ముక్క పలకకు ఆనించి, కొంచెం తిప్పాడు. రంధ్రాల బారులు ఒకదానికొకటి ఎదురొచ్చాయి.

"పై ముక్కదే బిడ్డా."

"అయితే డెబ్భై రెండు ఉంది," అని సీత కళ్ళు తుడుచుకుంది. అంతకు ముందు రెండేళ్ళు ముగ్గై వాకిట్లో కోళ్ళ కాళ్ళ కింద ఉన్నాయి. ఎంకమ్మకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మేమూ చివరికి పొడే చేస్తామమ్మా. కాకపోతే ఏ ఏడుది ఆ ఏడుకి విడిగా చేస్తాం. ఆ రెండేళ్ళు లేవని రాసుకుంటాను," అంది సీత.

నాలుగు రోజులకు సీత, ఆ ముక్కకు చేవెళ్ళ దవాఖానలో తీయించిన ఎక్స్‌రే పట్టుకుని మిషన్ దగ్గరికి వచ్చింది. ఎండకు ఎత్తి పట్టి, చారలు లెక్కపెట్టి, పెన్ను ఆనించింది.

"ఇదే."

"గింతేనా?"

"అంతేనండీ."

కుర్మయ్య తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఆ చార మీద చిటికెన వేలు పెట్టాడు. చార ఆ వేలి కిందే సరిపోయింది.

"మా చెల్లె గీ ఏడే పోయింది బిడ్డా. జర పైలంగ దాసిపెట్టు."