బకెట్ల చప్పుడు

ప్రయోగశాల గాజు సామాన్లు కడిగే తాతను ఆ పొద్దున చెయ్యి పట్టుకుని మరీ ఆరోగ్య కేంద్రంలోకి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికల్లా గేటు కార్డు లాక్కుని బయటికి పంపారు. విశ్వవిద్యాలయం తన సిబ్బంది కోసం కొత్తగా తెరిచిన కేంద్రం అది. గుమ్మం మీద ‘మీ ఆరోగ్యం మా బాధ్యత’ అని బోర్డు, లోపల మెత్తటి కుర్చీలు, నవ్వు ముఖం డాక్టరమ్మ. "ఎన్నాళ్ల నుంచి దగ్గు తాతా?" అని ఆప్యాయంగా అడిగేసరికి పిచ్చి తాత కడుపులో ఉన్నదంతా చెప్పేశాడు. పనికి తగడని తేల్చారు. జీవితమంతా ఆసిడ్ ఘాటు పీల్చిన మనిషికి "విశ్రాంతి తీసుకో" అన్న ఒక్క మాట దక్కింది!

కిటికీ అద్దాలు తుడుస్తూ ఇదంతా కళ్లారా చూసింది రేడియో. నోరు మూత పడదని తోటివాళ్లు పెట్టిన పేరది. గుడ్డ అక్కడే పడేసి కడుగుడు గదికి పరిగెత్తింది. అక్కడ తాత పక్క తొట్టి దగ్గర పనిచేసే తన వదినకూ అదే దగ్గు. అన్న పోయాక వదినా పిల్లలూ ఆ పని మీదే బతుకుతున్నారు. తన గొంతులోనూ గరగర మొదలైందని రేడియో ఎవరికీ చెప్పలేదు.

"ఘాటు లాగే ఫ్యాను బాగుచెయ్యమంటే మొహం చాటేస్తారు. దగ్గేవాళ్లని పట్టుకోడానికి మాత్రం కుర్చీలేసుకుని కూర్చున్నారు! వదినా, చచ్చినా ఆ గుమ్మం తొక్కకు" అంది.

ఇక అనుమానం పట్టుకుంది అందరికీ. నర్సు వరండాలో కనబడితే మాటలు ఆగిపోయేవి. పై అంతస్తులో చదివే కుర్రాడొకడు "ఒంట్లో ఎలా ఉందక్కా?" అంటే "గుండ్రాయిలా ఉన్నా, నీకెందుకు?" అని కసిరింది రేడియో. సూపర్‌వైజర్ ఒకసారి నవ్వుతూ పలకరించాడని ఊడ్చే పిన్నినీ నమ్మడం మానేశారు. అయినా ఒక్క కట్టుబాటు మాత్రం అందరూ పాటించారు. ఎవరికి దగ్గు వచ్చినా అది పైవాళ్లకు వినబడకుండా మిగతావాళ్లు బకెట్లు వాయించాలి.

"మేళం మొదలెట్టండే!" అనేది రేడియో. డబడబా మోగేవి బకెట్లు.

"ఏంటా గోల?" అని సూపర్‌వైజర్ అరిచేవాడు.

"శుభ్రత సార్, శుభ్రత!"

అతను వెళ్లాక పడీపడీ నవ్వుకునేవాళ్లు. వాళ్లను మోసం చేశామనుకునేవాళ్లు పాపం.

ఒకరోజు వదిన లోపలి గదిలో తొట్టిలో ఆసిడ్ మారుస్తోంది. తలుపు వేసి ఉంది. సూపర్‌వైజర్ వరండాలోకి వచ్చిన వేళకే లోపల దగ్గు అందుకుంది. "వాయించండే!" అంది రేడియో. వాయించారు. దగ్గు పెరిగిన కొద్దీ ఇంకా గట్టిగా వాయించారు. లోపల్నుంచి తలుపు మీద దబదబా చప్పుడైంది. వదిన కూడా దరువు వేస్తోందని నవ్వుకున్నారు. సూపర్‌వైజర్ అటు వెళ్లాక తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. వదిన తలుపుకు అడ్డంగా పడి ఉంది. అప్పటికే ప్రాణం పోయింది.

పెద్ద ఆఫీసరు వచ్చి తల పంకించాడు. "మన కేంద్రం తలుపులు తెరిచే ఉన్నాయి కదా. ఆమె దగ్గినట్టు ఎవరూ వినలేదే?"

రేడియో చేతిలోని బకెట్టు కింద పెట్టేసింది.

ఆ సాయంత్రం కడుగుడు గదిలో అందరూ చేరారు. "విననిచ్చామా మనం?" అని ఏడ్చింది రేడియో. "నా చేతుల్తో నేనే వాయించాను. వాళ్ల తప్పు బయటపడకుండా మనమే కాపలా కాశామే!"

"నెమ్మదిగా మాట్లాడవే తల్లీ, ఉన్న పని ఊడుతుంది" అంది పిన్ని.

"ఆ కేంద్రానికి ఒక్కొక్కరం పోతే ఊడుతుంది. అందరం కలిసి పోతే? వాళ్ల సీసాలు వాళ్లే కడుక్కుంటారా?"

గుమ్మంలో ఎవరో కదిలారు. ఆ చదువుకునే కుర్రాడే. అందరి చూపులూ అతని మీద పడ్డాయి.

"నువ్వెవరి మనిషివిరా?" అంది పిన్ని.

"ఆ ఘాటు మా గదుల్లోకీ వస్తోందక్కా. మేమూ దగ్గుతున్నాం."

రేడియో అతన్ని ఎగాదిగా చూసింది. "సరే, మీవాళ్లనీ తీసుకురా. మా వెనక నడవండి. ముందు నడిచేవాళ్లని ఇంకా నమ్మలేం."

మర్నాడు ఆరోగ్య కేంద్రం ముందు బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. వాటి వెనక కడిగేవాళ్లు, ఊడ్చేవాళ్లు, విద్యార్థులు. వాళ్ల మధ్యలో తాత.

"ఒక్కొక్కరే రండమ్మా, మీ మంచికే" అంది డాక్టరమ్మ.

"ఒక్కొక్కరే వచ్చే రోజులు పోయాయి" అంది రేడియో. "ఫ్యాను తిరగాలి. తాత కార్డు తాతకివ్వాలి. జబ్బు చేస్తే వైద్యం చెయ్యాలి, పనిలోంచి తియ్యకూడదు. అప్పటిదాకా ఒక్క సీసా కడగం."

సూపర్‌వైజర్ దూసుకొచ్చాడు. వెనకే గేటు కాపలావాళ్లు కర్రలతో దిగారు. "దగ్గున్నవాళ్లెవరో ముందుకు రండి, చూస్తాను!"

రేడియో అడుగు ముందుకు వేసింది. ఇన్నాళ్లు గొంతులో నొక్కిపెట్టిన దగ్గును నోరారా దగ్గింది. అలవాటు కొద్దీ పిన్ని చెయ్యి బకెట్టు మీదికి పోయి, అక్కడే ఆగింది. పిన్ని కూడా దగ్గింది. ఆ పక్కన తాత, ఆ వెనక కుర్రాడు, ఆపైన వరసంతా. కర్రలు పైకి లేచాయి. డాక్టరమ్మ కిటికీ మూసుకుంది. అయినా దగ్గు లోపలికి వినిపిస్తూనే ఉంది.

ఒక్కరూ బకెట్టు ముట్టుకోలేదు.