కదిలితేనే వెలిగే దీపాలు

తోమిన గిన్నెలు ఒక్కొక్కటే బోర్లిస్తూ, కూతురు బల్ల మీద పెట్టిన కాగితాలు చదువుతోంది తల్లి. మూడో పేజీకి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

కూతురు విశ్వవిద్యాలయంలో చదువుతోంది. సంఘాల హాళ్ళలో కరెంటు వృథా తగ్గించే పని ఆమె జట్టుకు అప్పగించారు. వాళ్ళు మొదట పట్టుకున్నది తల్లి నడిపే కుట్టుసంఘం హాలునే. సెలవు రోజు వచ్చి, ఖాళీ హాల్లో అటూ ఇటూ నడిచి, మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే దీపాలు బిగించారు. పాత స్విచ్చులు ఊడబెరికి తీసుకుపోయారు.

చేత్తో కుట్టేవాళ్ళకు కదిలేవి వేళ్ళు మాత్రమే. పగలూ మసకగానే ఉండే హాలు పది నిమిషాలకోసారి చీకటయ్యేది. "ఇవాళ చెయ్యి ఊపే వంతు ఎవరిదే?" అని మొదట్లో పడీపడీ నవ్వుకున్నారు. నిన్న తల్లి చెల్లెలు పూసలు కుడుతుండగా దీపాలారి ఆమె గోటి కింద సూది దిగాక ఎవరికీ నవ్వు రాలేదు.

కాగితంలో మాత్రం ఇలా ఉంది: కరెంటు సగానికి సగం ఆదా, సభ్యులు సంతోషంగా ఉన్నారు.

"ఇలా రావే! మేం సంతోషంగా ఉన్నామని నీతో ఎవరన్నారు?"

"అలాగే రాస్తారమ్మా. మీటరు నిజంగానే సగం తిరిగింది."

"ఎందుకు తిరగదు? చీకటి పడకముందే మూటాముల్లె సర్దుకుని ఇళ్ళకి పోతున్నాం కదా! హాలుకి తాళం వేసెయ్, మొత్తం మిగులుతుంది. అదీ రాసుకో!"

కిటికీ దగ్గర కూర్చున్న చెల్లెలు గుడ్డ చుట్టిన వేలు ఒళ్ళో దాచుకుంది. "పోనీలే అక్కా, చిన్నపిల్ల."

"నువ్వు నోర్మూసుకో! నీ వేలు ఆ కాగితంలో ఎక్కడైనా ఉందా?"

కూతురు తల వంచుకుంది. "రేపు సారుకి ఇవ్వాలి. లెక్క నచ్చితే ఇంకో ఆరు హాళ్ళకి ఇవే పెడతారు. ముసలివాళ్ళ చదువు గదికి కూడా."

"పేపరు చదివే తాతలు మధ్యలో లేచి గంతులేయాలా? ఒక్క పూట, పని జరిగే ఒక్క పూట వచ్చి మా పక్కన కూర్చున్నారా మీరు? నువ్వైనా అడిగావా?"

అడగలేదు. అమ్మ పని తనకు తెలుసనే అనుకుంది కూతురు.

"ఇప్పుడు మారిస్తే అయిదుగురి మార్కులూ పోతాయమ్మా."

"పోనీ."

"నీకేం, తేలిగ్గా అంటావు! అంత కోపమైతే నువ్వే వెళ్ళి సారుకి చెప్పుకో. ఆరింటిదాకా ఆఫీసులోనే ఉంటారు. పో!"

తల్లి చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. కాగితాలు మడిచి చంకలో పెట్టుకుంది. చెల్లెలిని రెక్క పట్టుకుని లేపింది.

"అమ్మా, ఏదో కోపంలో అన్నాను. ఆగమ్మా, రేపు నేనే..."

తల్లి చెప్పుల్లో కాళ్ళు దూర్చి, చెల్లెలిని వెంటబెట్టుకుని గడప దాటింది.