ఆ గడపకు పదకొండు వందల మంది

కెనడాలోని గ్వెల్ఫ్ ఊరి డేటాబేసూ కాల్గరీ ఊరి డేటాబేసూ కవలపిల్లలని ఆఫీసులో అందరూ ఒట్టేసి చెప్పేవారు. విదేశీ విద్యార్థుల ఇన్సూరెన్స్ వివరాలుండే ఆ రెండింటికీ అవే టేబుళ్ళు, అవే ఇండెక్సులు, అదే రకం సర్వర్. అడ్రసు కొట్టి వెతికితే కాల్గరీది కన్నుమూసి తెరిచేలోగా జవాబిస్తుంది. గ్వెల్ఫ్‌ది మాత్రం ఒక్కోసారి మొండికేసి కూర్చుంటుంది. చదువు పూర్తయి కాంట్రాక్టు మీద చేరిన చరితకు ఆ మొండితనం ప్రాణం మీదికొచ్చింది. "శుక్రవారంలోగా కారణం తేలాలమ్మా. లేకపోతే కాంట్రాక్ట్ రెన్యూ చేయించడం నా వల్ల కాదు," అని మేనేజర్ విజయరత్నం గారు మొహమాటం లేకుండా చెప్పేశారు.

సెట్టింగులన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. విసిగిపోయి, మొండికేసినప్పుడల్లా ఏ అడ్రసు వెతుకుతున్నారో పట్టి చూసింది. ప్రతిసారీ ఒకటే అడ్రసు! ఒక ఇంట్లో ఇద్దరో ముగ్గురో ఉంటారని నమ్మి, డేటాబేస్ ఒక్కొక్కరినీ విడివిడిగా వెతికి తెస్తోంది. ఇక్కడేమో ఒకే గడపకు పదకొండు వందల మంది. అది మాత్రం ఏం చేస్తుంది పాపం!

ఎవరిదా ఇల్లని చరిత ఆ అడ్రసు మళ్ళీ చదివింది. అది కృపాబాయి ఆంటీ ఇల్లు. దాని బేస్‌మెంట్‌లోనే తను అద్దెకుంటోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

వెంటనే ఆంటీకి ఫోన్ చేసింది. "ఆంటీ, మన అడ్రస్ ఎవరికైనా ఇచ్చిన్రా?"

"చర్చికొచ్చే పిల్లలు ఇంకా రూమ్ దొరకలేదు, ఇన్సూరెన్స్ ఫామ్‌లో ఏం రాయాలని ఏడుస్తుంటే మాది రాసుకోండమ్మా అన్నాను. నీకూ అలాగే ఇచ్చానుగా. వాళ్ళు ఇంకొకళ్ళకి ఇచ్చుంటారు. ఏమైందే?"

చరిత లెక్క చెప్పింది.

"ప్రభువా! అంతమందా?" అంది ఆంటీ. "మరి వాళ్ళంతా ఎక్కడ పడుకుంటున్నారే?"

చరిత ఫోన్ పెట్టేసేసరికి విజయరత్నం గారు వెనకే నిలబడి ఉన్నారు.

"కారణం దొరికిందా?"

డేటాబేస్‌ను గుట్టుగా సరిచేసి, ఏదో ట్యూనింగ్ చేశానని తప్పించుకోవచ్చు. తప్పుడు అడ్రసుల గొడవలో ఆంటీకీ తనకీ ఏ చిక్కూ రాదు. కానీ ఆంటీ అడిగిన ప్రశ్న చెవిలోంచి పోలేదు. స్క్రీన్ ఆయన వైపు తిప్పింది.

"ఇది మా ఇల్లు సార్. ఉండేది మేమిద్దరమే. మిగతావాళ్ళు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు."