సీలు తీయని పెట్టె

ఆగండి, ఒక్క నిమిషం ఆగి ఇది వినండి. మణుగూరు దాటి అడవిలోకి పోతే ఓ చిన్న తండా ఉంది, ఆ తండా అంగన్‌వాడీకి నవంబరులో ఓ పెద్ద అట్టపెట్టె వచ్చింది. చెక్క దిమ్మెలు, దారానికి గుచ్చే పూసలు, రంగు గిన్నెలు, అన్నీ పిల్లలు చేతులతో పట్టుకుని నేర్చుకోవడానికి సర్కారు పంపినవే. పంపింది, కాదనడం లేదు. కానీ పెట్టెకు సీలు, సీలు పక్కన ఓ చీటీ: అధికారి వచ్చి ప్రారంభించేదాకా తెరవరాదు.

టీచరు నాగలత పాల్వంచ అమ్మాయి, చేరి రెండేళ్లయింది. వారంలో వస్తారన్నారు, వారమే కదా, ఆగుదాం అనుకుంది. డిసెంబరులో ఆ అధికారి సారుకు మీటింగు. ఫిబ్రవరిలో సారే మారిపోయాడు, కొత్తాయనకు ఈ పెట్టె సంగతే తెలియదు. మార్చిలో వస్తున్నామంటే పిల్లలకు తలలు దువ్వి, పూలు పెట్టి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. జీపు రాలేదు. ఆరు నెలలూ పిల్లలు ఆ పెట్టె మీద కూర్చునే గుడ్లు తిన్నారు.

ఏప్రిల్ ఆఖరు రోజు వచ్చేసింది. రేపటి నుంచి సెలవులు, సెలవులయ్యాక ఐదేళ్ల బాలి పెద్ద బడికి పోతుంది, ఇక ఇక్కడికి రాదు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. పలక ముందు పెడితే చాలు, రెండేళ్లుగా తల దించుకునే కూర్చుంది. ఆ దించుకున్న తలను చూసినప్పుడల్లా నాగలతకు పెట్టె మీద కోపం వస్తుంది.

"ఇగ తీస్తున్న అక్కా," అంది ఆయా సోమ్లితో.

"మెమో ఇస్తరు టీచరమ్మా."

"ఇయ్యనీ. ఫ్రేము కట్టించి గోడకు పెడ్త."

"ఈ గోడకు మేకు గూడ నిలవదు," అంటూనే సోమ్లి కత్తి తెచ్చిచ్చింది.

సీలు కోసి పెట్టె తెరవగానే బాలి ఓ దిమ్మెను తిప్పి చూసింది, వాసన చూసింది. నాలుగు నిలబెట్టి పైన పలక పెట్టింది. పడిపోయింది. మళ్లీ పెట్టింది.

"ఏంది బాలీ ఇది?"

"మంచె," అంది బాలి, తెలుగులో. "మా బాపుది. చేన్ల పందులొస్తయ్. ఒకటి, రెండు, మూడు, నాలుగు కాళ్లు. ఇది పొట్టిది, ఊగుతది."

నాలుగు దాకా లెక్కపెట్టించాలని నాగలత రెండేళ్లుగా తన్నుకులాడింది.

అప్పుడే ఫోను మోగింది. సూపర్‌వైజర్ ప్రమీలారాణి.

"నాగలతా, సారు బయల్దేరిన్రు, గంటల అక్కడుంటరు. రిబ్బన్ తెస్తున్నం. పెట్టె సీలుతోనే ఉంది గదా?"

"పిల్లలు ఆడుకుంటున్నరు మేడం."

"దేంతో?"

నాగలత తెరిచి ఉన్న పెట్టె వైపు చూసింది.

"జల్దీ లోపల పెట్టి టేపెయ్యి. ఫొటోల సీలు కనబడాలె. సారుకు కోపమొచ్చిందంటే మళ్ల ఈ తండాకు ఏ పెట్టె రాదు, సమజైందా? ఆయన పోయినంక ఆడుకోనీ."

"ఆయన పోయేసరికి పిల్లలు ఇండ్లకు పోతరు మేడం. బాలికి ఇదే ఆఖరు రోజు."

"బాలి ఎవలు?"

ఫోను పెట్టేసి చూస్తే సోమ్లి టేపు చుట్ట పట్టుకుని నిలబడి ఉంది, ఏం చెబితే అది చేద్దామని. బాలి ఎవరినీ చూడటం లేదు. తెరవరాదు అన్న ఆ చీటీని చిన్నగా మడిచి పొట్టి కాలి కింద పెడుతోంది. మంచె ఊగడం ఆగింది.

దాన్ని కూల్చి పెట్టెలో పెడితే సెలవులయ్యాక వచ్చే పిల్లలకు ఇంకో పెట్టె వస్తుందేమో. కూల్చకపోతే ఈ ఒక్క పిల్లకు ఈ ఒక్క పూట మిగులుతుంది. దారిలో జీపు ఉంది. నాగలత చోట మీరుంటే ఏం చేస్తారు?